ధాన్యపు కొట్టు పిల్లికి సమతులాహారము

మన గ్రామములలో ఆవునకు దాణా యెంత, గేదెకు పచ్చిమేత యెంత, కోళ్లకు నూకలెన్ని యని లెక్క వేయని గృహస్థుడు లేడు. పిల్లి మాట వచ్చునప్పటికి మాత్రము ఆ లెక్క యెవరికిని తోచదు. "దానికేమి, ఎలుకను పట్టుకొని తినును; ఇంత పెరుగన్నము పడవేసిన చాలును" అని యందురు. ఆరుబయట తిరిగి, ఏటేట ఈని, రెండు మూడేండ్లకు కనుమరుగగు పిల్లి విషయమున ఈ యుదాసీనత వలన కలుగు నష్టము ఎవరి కంటను పడలేదు. ఇప్పుడట్లు కాదు. పశువైద్యుల సాయముతో ఆడ పిల్లులకు పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించు అలవాటు పట్టణముల నుండి గ్రామములకును వచ్చుచున్నది. ధాన్యపు కొట్టులోనో, చౌకధరల దుకాణములోనో, పంచాయతీ కార్యాలయములోనో మసలు పిల్లికి ఈ చికిత్స చేయించి, కనిపెట్టి చూచుకొనినచో అది పది పదునైదేండ్లు బ్రదుకవచ్చును. అన్ని యేండ్లు దానికేమి పెట్టవలెనన్న ప్రశ్న అప్పుడు పుట్టును.

ఆపరేషను జరిగిన కొన్ని మాసములకే కొన్ని పిల్లులు పొట్ట వ్రేలాడునట్లు బలిసి, గుమ్మము దాటుటకు కూడ బద్ధకించును. మరికొన్ని వెండ్రుకలు రాలి, చూపు మందగించి, చిక్కిపోవును. బలిసిన దానిని చూచినవారును, చిక్కిన దానిని చూచినవారును "ఆపరేషను పిల్లిని చెడగొట్టినది" అని యొకే మాట యందురు. ఆ మాట ఒకసారి ఊరిలో ప్రాకినచో, మరియొక పిల్లిని వైద్యశాలకు తీసికొనిపోవు వారుండరు. ఊరిలో కూనల సంఖ్య మరల పెరుగును. నిజమునకు ఈ రెండు దోషములును సామాన్యముగ పళ్లెములో నుండి వచ్చునవే. వానిని ఎట్లు తప్పింపవచ్చునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మేలని తలచి మేము ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఆపరేషను తరువాత దేహములో కలుగు మార్పు

ఆడ పిల్లి సాధారణముగ నాలుగు మొదలు ఆరు మాసముల వయసున ఎదకు వచ్చును. గర్భము మోయు కాలము సుమారు 63 మొదలు 65 దినములు. ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకు నాలుగైదు కూనలు కలుగుట సామాన్యము. అందుచేత పశువైద్యులు ఐదు మాసముల ప్రాయముననే అండాశయములను, తరచుగ వానితోపాటు గర్భాశయమును కూడ తీసివేయుదురు. గాయము పది పదునాలుగు దినములలో మానిపోవును. ఇంతవరకు వైద్యుని పని. ఇక మీదటిది పెంచువారి పని.

అండాశయములు తొలగిన పిదప పిల్లి దేహమునకు కావలసిన శక్తి సుమారు 20 నుండి 30 శాతము వరకు తగ్గును. ఇదే సమయమున దాని ఆకలి పెరుగును. ఈ పెరుగుదల కొన్ని దినములలోనే కానవచ్చును. అరక విప్పి కొట్టములో కట్టివేసిన ఎద్దునకు దుక్కికాలపు దాణాయే పెట్టుచు, దాని ఆకలి కూడ ఇబ్బడియైన యెడల ఏమగునో ఇక్కడను అదియే యగును. పిల్లి గిన్నె చుట్టు తిరిగి అరచును. పాపమని మరికొంత పెట్టుదురు. మూడు మాసములలో అది బలియును.

ఇంతమాత్రమే యయిన యెడల "తగ్గించి పెట్టుడు" అని యొక్క మాటతో ఈ పాఠమును ముగింపవచ్చును. కాని మనము చెప్పుచున్నది ఐదారు మాసముల కూనను గూర్చి. పిల్లి పది, పండ్రెండు మాసముల వరకు పెరుగుచునే యుండును. ఎముక గట్టిపడుట, కండ పట్టుట ఆ కాలముననే జరుగును. ఆపరేషను చేయించిన పడుచు పిల్లికి ఒక ప్రక్క శక్తి తక్కువ కావలెను. ఇంకొక ప్రక్క మాంసకృత్తులును, సున్నమును పెరుగు బిడ్డకు వలె ఎక్కువగ కావలెను. అన్ని పదార్థములను ఒకే పాళ్లలో తగ్గించిన యెడల ఎముక చెడును. అన్నింటిని ఒకే పాళ్లలో పెంచిన యెడల క్రొవ్వు చేరును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. పళ్లెములో తగ్గింపవలసినది అన్నము, పాలు, నూనె. తగ్గింపరానిది మాంసము.

పాలు పిల్లికి ఆహారమా?

కన్నులు మూసికొని పాలు త్రాగు పిల్లిని గూర్చి మనకొక సామెత యున్నది. పిల్లి శాపములకు ఉట్లు తెగవని మరియొకటి యున్నది. ఉట్టిమీది పాలకుండకును పిల్లికిని గల వైరము అంత ప్రాతది. ఈ సామెతల వలననో యేమో, పాలు పోసిన పిల్లికి కడుపు నిండినట్లే యని మనవారు నమ్ముదురు. పిల్లికి పాలమీద ఆశ యున్నమాట నిజము. కాని పాలు విడిచిన కూనలలో పెక్కింటికి పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి క్రమముగ సన్నగిల్లును. అట్టి పిల్లికి పాలు పోసిన విరేచనములగును. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గియుండును గనుక కొందరి పిల్లులు దానిని ఓర్చుకొనగలవు. ఓర్చుకొనుట వేరు, దానితో పోషణ జరుగుట వేరు.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు 1975లో తేటతెల్లము గావించిరి. పాలనుండి తీసిన కేసీన్ అను మాంసకృత్తునే ఆధారముగ జేసికొనిన ఆహారమును తినిన పిల్లులకు కంటిలోపలి పొర క్షీణించి చూపు పోవుచున్నట్లు ఆ సంవత్సరము అమెరికాలో ప్రకటింపబడినది. కారణము టౌరిన్ అను పదార్థము లోపించుట. మరల 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని పశువైద్యులు, టౌరిన్ తక్కువయైన పిల్లులకు గుండె కండరము సాగి బలహీనపడుచున్నదనియు, టౌరిన్ ఇచ్చినచో ఆ గుండె మరల కోలుకొనగలదనియు చూపిరి. అప్పటివరకు కారణము తెలియని గుండెజబ్బుగ భావింపబడుచుండిన దానికి మూలము గిన్నెలో దొరకినది. ఆ తరువాత పిల్లుల దాణా తయారుచేయు వారందరు దానిలో టౌరిన్‌ను ఎక్కువగ కలుపసాగిరి.

మనుష్యుడు, కుక్క తమకు కావలసిన టౌరిన్‌ను చాలవరకు తమ దేహములోనే తయారు చేసికొందురు. పిల్లి చాలినంత చేసికొనలేదు. అది మాంసములోను, చేపలోను, అందులో ముఖ్యముగ గుండెకాయలోను దొరకును. బియ్యములోను, పప్పులోను లేదు. పాలలో గలది స్వల్పము. ఇట్లే కేరట్టు, ఆకుకూరలలోని పసుపుపచ్చని పదార్థము నుండి మన దేహము ఏ విటమిన్‌ను తయారు చేసికొనును. పిల్లి అది చేయలేదు, దానికి విటమిన్ మాంసములోనే సిద్ధముగ దొరకవలెను. ఇంకొక సంగతి. వరి లేని యేట జొన్నలతో కాలము గడుపుట మనకు తెలియును. మాంసము లేని దినమున పొదుపుగ నుండు వెసులుబాటు పిల్లి దేహమునకు లేదు. దాని కాలేయము మాంసకృత్తులను ఎల్లప్పుడు ఒకే వేగముతో ఖర్చు పెట్టుచుండును. బయటినుండి రాని దినమున తన కండనే కరగించుకొనును. కావున పెరుగన్నముతో పెంచిన పిల్లి కడుపు నిండియుండియు ఆకలిగొన్నట్టిదే. ఈ లోపము ఒక్క దినములో కానరాదు. మాసములకో, ఏండ్లకో బయటపడును. అప్పటికి చూపు పోయినచో అది తిరిగి రాదు.

శాకాహారుల గృహములలో ఈ మాట కష్టముగ దోచును. వారి నియమమును మేము ఆక్షేపింపము. అట్టి యిండ్లలో పిల్లుల కొరకే తయారై వచ్చు పొట్లపు దాణాను వాడుకొనవచ్చును. పొట్లము మీద అది పిల్లికి సంపూర్ణాహారమని స్పష్టముగ వ్రాసియుండవలెను. కుక్కల దాణా పనికిరాదు. దానిలో మాంసకృత్తులు పిల్లికి చాలవు, టౌరిన్ కలుపవలెనన్న నియమము కూడ లేదు. దాణా గూడ ఇష్టము లేనివారు పిల్లిని ఇంటిలో బంధించి పెంపకుండుటయే న్యాయము. బయటికి పోగలిగినచో తన పాట్లు తాను పడును.

ఎలుకయే కొలత

సమతులాహారమనగ నేమో పిల్లికి తెలిపినది ఎలుక. పిల్లి మనుష్యుని చెంత చేరినది ధాన్యము మూలముననే, అనగా ధాన్యమునకై వచ్చిన ఎలుకల మూలముననే. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనుష్యుని ప్రక్కన పిల్లిని పూడ్చియుండుట 2004లో ప్రకటింపబడినది. అన్నివేల యేండ్లు మన గాదెల చుట్టు తిరిగినను దాని పేగులు మారలేదు.

ఒక చిట్టెలుకను తూచి పరీక్షించినచో దానిలో మూడింట రెండు వంతులు నీరే. నీరు పోగా మిగిలిన దానిలో సగమునకు పైగా మాంసకృత్తులు, తరువాత క్రొవ్వు, ఎముకలలోని సున్నము, పిండిపదార్థము అత్యల్పము. దానివలన కలుగు శక్తి సుమారు 30 కిలోకాలరీలు. కిలోకాలరీ యనగా ఆహారములోని శక్తిని కొలుచు కొలత. రెండు కిలోల బరువు గల ఆరు మాసముల కూనకు, ఆపరేషను జరిగిన పిదప, దినమునకు సుమారు 180 నుండి 200 కిలోకాలరీలు చాలును. అనగా ఆరేడు చిట్టెలుకలు. అదే పిల్లి ఏడాది నిండి మూడు కిలోల బరువునకు వచ్చినప్పుడు, పెరుగుదల ఆగిపోవుటచే, అప్పటికిని సుమారు 180 నుండి 190 కిలోకాలరీలే కావలెను. దీనిని సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను: పిల్లి పెరుగుచున్నదని గిన్నె పెంచనక్కరలేదు. ఆరవ మాసమున కుదిర్చిన కొలత ఏడాది తరువాత కూడ ఇంచుమించుగ సరిపోవును. ప్రతి పిల్లి ఒకే తీరుగ నుండదు గనుక ఈ అంకెలను ఆరంభమునకు వాడుకొని, తరువాత పిల్లి ఒడలును చూచి సవరించుకొనవలెను.

ఈ ఎలుక కొలతను మన వంటయింటి వస్తువులలోనికి మార్చుదము. ఒక దినమునకు 80 గ్రాముల కోడిమాంసము, గుండెకాయ, కందనకాయ కలిపి, నీటిలో ఉప్పు కారము లేకుండ ఉడికింపవలెను. దానికి ఉడికించిన సగము కోడిగ్రుడ్డును, రెండు చెంచాల మెత్తని అన్నమును కలుపవలెను. ఉడికించిన నీటిని పారబోయరాదు. టౌరిన్ నీటిలోనికి దిగును గనుక ఆ నీటితోనే అన్నమును కలుపవలెను. మాంసములో భాస్వరము మెండు, సున్నము తక్కువ. ఎముక లేని మాంసమునే మాసముల తరబడి పెట్టిన కూనకు ఎముకలు మెత్తబడి, చిన్న గంతుకే విరుగును. అందుకు కోడిగ్రుడ్డు పెంకులను కడిగి, ఎండించి, మెత్తని పొడిగ నూరి, అరకిలో మాంసమునకు చిన్న చెంచాతో అరచెంచా వంతున కలుపవలెను. 80 గ్రాములకు చిటికెడు చాలును.

సముద్రతీర గ్రామములలో నెత్తళ్లు, కవళ్లు చౌకగ దొరకును. వానిని ఉడికించి, నెత్తళ్లనైతే ముల్లుతో సహా మెత్తగ నలిపి, వారమునకు రెండు మూడు దినములు మాంసమునకు బదులుగ పెట్టవచ్చును. ముల్లులోని సున్నము కూడ అక్కరకు వచ్చును. ఎండుచేపలను పెట్టదలచినచో నీటిలో చాలసేపు నానవేసి, ఆ ఉప్పునీటిని రెండు మూడు మారులు పారబోయవలెను. దినదినము చేపయే పెట్టుట మంచిది కాదు. నూనె గల చేపను మాత్రమే తిను పిల్లికి ఇ విటమిన్ చాలక, చర్మము క్రింది క్రొవ్వు వాచి, తాకిన నొప్పియని అరచు వ్యాధి కలుగును.

కాలేయము పిల్లికి మిక్కిలి ప్రీతి. కోళ్ల అంగడిలో అది చౌక. కాని ఏ విటమిన్ దానిలో ఎంత మెండుగ నున్నదనగా, ప్రతిదినము కాలేయమునే తినిన పిల్లికి మెడయెముకలు ఒకదానితోనొకటి అతుకుకొని మెడ త్రిప్పుటకు వీలుకాకపోవును. వారమునకు ఒక దినము, 20 లేక 30 గ్రాములు, అంతకు మించరాదు.

ఇంటివంట యెంత శ్రద్ధగ చేసినను కొన్ని సూక్ష్మ పదార్థములలో వెలితి పడుట కలదు. కావున మా అభిప్రాయమున గ్రామములకు తగిన మధ్యమార్గమిది: దినమునకు కావలసిన శక్తిలో సగము సంపూర్ణాహారపు పొట్లపు దాణాతోను, సగము ఇంటివంటతోను తీర్చుట. పొడి దాణా 100 గ్రాములకు 350 నుండి 400 కిలోకాలరీలుండును. కనుక 25 గ్రాముల దాణాయును, పైన చెప్పిన వంటలో సగమును సరిపోవును. ఏడాది నిండువరకు పిల్లికూనల కొరకైన దాణాను, తరువాత పెద్ద పిల్లుల దాణాను తెప్పింపవలెను. ప్రాత ఆహారమునుండి క్రొత్తదానికి ఒక వారము దినములలో కొద్దికొద్దిగ మార్చవలెను. ఒక్కసారి మార్చినచో పిల్లి ముట్టదు, ముట్టినను విరేచనములగును.

మాంసమును గూర్చి సభ్యులు అంగడివారితో ముందుగ మాటలాడుకొనిన యెడల, గుండెకాయలు, మెడలు, కాళ్లు స్వల్ప వెలకే దొరకును. వీనిలో నుండి ఎముక తీసివేసియే పెట్టవలెను. ఉడికిన కోడియెముక చీలి గొంతులో గ్రుచ్చుకొనును. అంగన్‌వాడీ గ్రుడ్డును, బడి పిల్లల గ్రుడ్డును ఈ లెక్కలోనికి రానీయవద్దు. అవి బిడ్డల సొత్తు.

పచ్చిమాంసము పెట్టుటను మేము ఒప్పుకొనము. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు పక్షిజ్వరము సోకినట్లు నిర్ధారింపబడినది. ఆ మరుసటి మాసముననే మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని కోళ్లకు అదే వ్యాధి వచ్చినది. కోళ్లు చచ్చుచున్న కాలమున ఆ పచ్చి పేగులు పిల్లి నోటికి పోయినచో, పిల్లి వెంట వ్యాధి ఇంటిలోనికి వచ్చు ప్రమాదము కలదు. బాగుగ ఉడికించిన మాంసమున ఈ భయము లేదు. కొన్ని పచ్చిచేపలలో బి1 విటమిన్‌ను నశింపజేయు పదార్థము కూడ కలదు. అట్టి చేపలను తినుచుండు పిల్లి మెడ వంగి, తూలి, మూర్ఛపోవును. ఉడికించినచో ఆ పదార్థము విరిగిపోవును.

గిన్నెలో పడరానివి

మిగిలిన కూరను పిల్లికి పెట్టుట మన వాడుక. మన కూరలలో ఉల్లి, వెల్లుల్లి లేనివి తక్కువ. ఈ రెండును పిల్లి రక్తములోని ఎర్రకణములను పగులగొట్టును. వండినను వాని గుణము పోదు. కిలో బరువునకు 5 గ్రాముల ఉల్లియే హాని చేయగలదు. మూడు కిలోల పిల్లికి 15 గ్రాములు, అనగా ఒక చిన్న ఉల్లిపాయ. ఒకే దినమున కాకున్నను దినదినము కొంచెము కొంచెముగ తినినను రక్తము క్షీణించును. కోడికూర మిగిలినదని సంతోషముతో పెట్టు ముక్క ఈ విధముగ విషమగును. పిల్లికి తీయవలసిన మాంసమును తాలింపునకు ముందే తీసి వేరుగ ఉడికింపవలెను.

మనుష్యులు జ్వరమునకు వాడు పారాసిటమాల్ మాత్రను పాలలో కలిపి పిల్లికి పోయువారు కలరు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణము తీయగలదు.

పదిమంది పెంచు పిల్లి

ఇంటి పిల్లికంటె కొట్టు పిల్లి త్వరగ బలియుటకు ఒక కారణమున్నది. ఒక పంచాయతీ కార్యాలయములో ఒక పిల్లి యున్నదనుకొందము. ఉదయమున ఊడ్చుటకు వచ్చిన ఆమె పాలు పోయును. పది గంటలకు గుమాస్తా బిస్కత్తు విసరును. మధ్యాహ్నము చౌకధరల దుకాణదారు తన డబ్బాలోని అన్నము పెట్టును. సాయంకాలము పిల్లలు జంతికలు పెట్టుదురు. "పాపము, ప్రొద్దుటినుండి యేమియు తినలేదు" అని నలుగురును అనుకొందురు. పిల్లియు ఆ మాటకు అడ్డు చెప్పదు. ఆదివారము నాడు మాత్రము కార్యాలయమునకు తాళము పడును, దానికి నీరు పోయువారును ఉండరు.

దీనికి ఉపాయము సులభము. పిల్లికి పెట్టు భారమును ఒక్కరికే అప్పగింపవలెను. వారు లేని దినమున ఎవరు చూడవలెనో కూడ ముందే నిర్ణయింపవలెను. గోడకు ఒక పలకను వ్రేలాడదీసి, పెట్టినప్పుడెల్ల సుద్దతో గీత గీయవలెను. ఆరు మాసముల వరకు దినమునకు నాలుగు మారులు, తరువాత మూడు మారులు, ఏడాది నిండిన పిదప రెండు లేక మూడు మారులు చాలును. దినపు కొలతను ఉదయముననే తూచి ఒక మూతగిన్నెలో ఉంచి, దానినే పంచి పెట్టుట మేలు. ఎవరైన ముద్దుచేసి ఏదైన పెట్టదలచినచో ఆ మూతగిన్నెలోనుండియే తీసి పెట్టవలెను.

గిన్నెలో మిగిలిన దానిని అరగంటకు ఎత్తివేయవలెను. మన యెండలలో మాంసము త్వరగ చెడును. అంతేకాదు, ధాన్యపు కొట్టులో రాత్రియంతయు పిల్లి అన్నము నిలువయుంచుట ఎలుకలను విందునకు పిలుచుటయే. చీమలు పట్టకుండ గిన్నెను నీరు పోసిన వెడల్పాటి పళ్లెములో ఉంచవలెను. ఎలుకను తిను పిల్లికి నీరు ఎలుకలోనుండియే వచ్చును. పొడి దాణా తిను పిల్లికి అట్లు రాదు. దాహము వేసినను పిల్లి చాలినంత నీరు త్రాగదు, మూత్రము చిక్కబడి బాధపడును. కావున దాణా పెట్టుచోట మట్టి మూకుళ్లలో రెండు మూడు తావులందు నీరుంచి, దినదినము మార్చుచుండవలెను.

ఆకలిగొన్న పిల్లియే ఎలుకను పట్టునా?

సభ్యులలో పెక్కుమంది ఇక్కడ ఒక ఆక్షేపణ చేయుదురని మాకు తెలియును. "ఇంత పెట్టినచో అది ఎలుకల జోలికి పోవునా?" అని. వేట పిల్లికి ఆకలి వలన మాత్రమే పుట్టదు. కదలుచున్న దానిని చూచినంతనే దూకుట దాని స్వభావము. 2021లో ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయము వారు ఇంటి పిల్లులపై జరిపిన పరిశోధనలో, మాంసపు మాంసకృత్తులు మెండుగ గల ఆహారము తినిన పిల్లులు ఇంటికి తెచ్చు వేట సుమారు 36 శాతము తగ్గినది. తగ్గినమాట నిజమే, ఆగలేదు. ఇక పెద్ద ఎలుకలు, పందికొక్కుల విషయమున పిల్లిని నమ్ముకొనరాదు. న్యూయార్కు నగరములో జరిపి 2018లో ప్రకటించిన పరిశీలనలో పిల్లులు పెద్ద ఎలుకలను చంపుట బహు అరుదని తేలినది. పిల్లి ఉన్నచోట అవి దాగి మెలగినవి, అంతే. చిట్టెలుకలకు పిల్లి, పందికొక్కులకు బోనులు, కన్నములు పూడ్చుట, బస్తాలను గోడకు దూరముగ బల్లలపై పేర్చుట. ఈ పనులన్నియు కలిసి సాగవలెను.

ఆకలితో మాడ్చిన పిల్లి కొట్టునంటి పెట్టుకొని యుండదు. అది పొరుగిండ్ల వంటయిండ్లకు పోవును, చెత్తకుప్పను కెలకును, అన్నింటికన్న ముఖ్యముగ, మందు తిని తూలుచున్న ఎలుకను తినును. వరిపొలములలో ఎలుకలకు పెట్టు బ్రోమాడయొలోన్ మందు రక్తమును గడ్డకట్టనీయదు. దానిని తినిన ఎలుక వెంటనే చావక కొన్ని దినములు మందకొడిగ తిరుగును. అట్టివానిని తినిన పిల్లికి కొన్ని దినములకు చిగుళ్లనుండియు, మూత్రములోను రక్తము పోవును. వెంటనే పశువైద్యశాలకు తీసికొనిపోయినచో కె1 విటమిన్‌తో బ్రదికింపవచ్చును. కావున ఊరిలో ఎలుకల మందు పెట్టించు దినములను పంచాయతీ ముందుగ చాటింపవలెను. ఆ దినములలోను, తరువాత రెండు వారములును పిల్లిని కడుపునిండ పెట్టి లోపలనే యుంచవలెను. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగ పూడ్పింపవలెను.

పిల్లిని పెట్టుకొని తిండి పెట్టకపోవుట చట్టరీత్యా కూడ తప్పు. జంతువును తన అధీనమున నుంచుకొనిన వాడు దాని క్షేమమునకు తగిన చర్యలు తీసికొనవలెనని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టపు 3వ విభాగము చెప్పుచున్నది. యజమాని చాలినంత ఆహారము, నీరు, నీడ కల్పింపకుండుటను 11వ విభాగము నేరముగ పేర్కొన్నది.

కొలత సరిగనున్నదో లేదో తెలిసికొనుట

పదునైదు దినముల కొకసారి పిల్లిని తూచవలెను. సంచిలో కూర్చుండబెట్టి అంగడి త్రాసుకు వ్రేలాడదీసినచో ఒక నిమిషపు పని. ఆ అంకెను పలక మీదనే తేదీతో వ్రాయవలెను. ఏడాది లోపల బరువు మెల్లగ పెరుగుచుండవలెను. ఏడాది దాటిన పిదప నిలుకడగ నుండవలెను. త్రాసు లేనిచోట చేయియే త్రాసు. ప్రక్కటెముకలపై వ్రేళ్లు తేలికగ ఆనించినప్పుడు ఎముకలు చేతికి తగులవలెను, కంటికి కనబడరాదు. పైనుండి చూచినప్పుడు నడుము కొంచెము సన్నగ నుండవలెను. ఎముకలు చేతికి దొరకకున్నచో అన్నమును మొదట తీసివేసి, అప్పటికిని తగ్గకున్నచో మొత్తములో పదియవ వంతు తగ్గింపవలెను. మాంసమును తగ్గించుట చివరి మాట.

బలిసిన పిల్లిని పస్తు పెట్టుట మాత్రము ఎన్నడును చేయరాదు. మనుష్యునకు ఏకాదశి మేలు చేసిన చేయవచ్చును. బలిసిన పిల్లి రెండు మూడు దినములు తినకున్నచో దాని ఒంటి క్రొవ్వు కాలేయములో చేరి కాలేయము పనిచేయుట మానును, కన్నులు, చెవులు పచ్చబడును. పెక్కు పిల్లులు ఇట్లు చనిపోవును. తనంతట తాను ఒక దినమంతయు ఆహారము ముట్టని పిల్లిని రెండవ దినమున పశువైద్యునికి చూపవలెను. ఎలుకలను తిను పిల్లి కడుపులో నులిపురుగులు, బద్దెపురుగులు చేరుట సహజము. మూడు మాసముల కొకసారి వైద్యుని అడిగి మందు వేయింపవలెను. వెర్రికుక్క వ్యాధికి టీకా మూడవ మాసమున వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారము మరల వేయించుచుండవలెను. ఆ తేదీలను కూడ పలక పైభాగమున వ్రాసియుంచినచో, పిల్లిని చూచువారు మారినను లెక్క తప్పదు.